నిప్పు పెట్టాడని సహచరుడిపై నింద: టీవీ ఎపిసోడ్ రాసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు నుంచి కొత్తగా టీవీకి రాస్తున్నవారి చిత్తుప్రతులు చదవడం నా పనిలో భాగం. వాటిలో ఒక కథ మళ్లీ మళ్లీ వస్తుంది. జట్టులో ఒకడిని గోదాముకు నిప్పు పెట్టాడని పట్టుకుపోతారు, కానీ ఆ పని అతను చేయలేదు. కథ మంచిదే, కాకపోతే ఎవరు రాసినా అవే సందేహాలు. అందుకని ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి జవాబులు ఒకచోట చేర్చాను. దశలవారీగా ఉన్నాయి కాబట్టి ఎక్కడ ఆగిపోయారో అక్కడ చూసుకోవచ్చు.

ఉదాహరణకు అంతటా ఒకే కథ వాడాను: వరంగల్ శివారులో ఒక జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు), దాని పత్తి గోదాము, మిల్లు యజమాని డబ్బుతో నడిచే కబడ్డీ జట్టు, గోదాము కాలిన రాత్రి చివరిగా అక్కడ కనిపించిన రైడర్.

## కథ అనుకునేటప్పుడు

క్రికెట్ జట్టు పెడితే అందరికీ అర్థమవుతుంది కదా, కబడ్డీ ఎందుకు?

క్రికెట్ పెట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ పదకొండు మందికి ఒక్క ఎపిసోడ్‌లో ముఖాలు ఇవ్వలేరు. కబడ్డీలో బరిలో ఉండేది ఏడుగురు. ఒకడు పోతే ఆ ఖాళీ కంటికి కనిపిస్తుంది. పైగా మిల్లులో పనిచేసే కుర్రాళ్లు సాయంత్రం కబడ్డీ ఆడటం మన వైపు ఎవరికీ కొత్తగా అనిపించదు. పని, ఆట, జీతం, అభిమానం అన్నీ ఒకే యజమాని చేతిలో ఉన్నప్పుడు నింద ఎంత బరువుగా పడుతుందో వేరే చెప్పనక్కర లేదు.

అతను నిర్దోషి అని ప్రేక్షకులకు ముందే చెప్పేయాలా, దాచాలా?

నా ఓటు చెప్పేయడానికే. దాస్తే ఎపిసోడ్ అంతా "చేశాడా, లేదా" అనే పొడుపుకథ అవుతుంది. విప్పాక దాన్ని రెండోసారి చూసేవారు ఉండరు. ముందే చెబితే ప్రశ్న మారుతుంది: ఇతను చేయలేదని మనకు తెలుసు, మరి వీళ్లు ఎందుకు నమ్ముతున్నారు? అక్కడ పాత్రలు బయటపడతాయి. అయితే మంట ఎలా పుట్టిందో మాత్రం చివరి వరకూ దాచండి. రెండూ ఒకేసారి విప్పితే చూపడానికి ఏమీ మిగలదు.

విలన్ లేకుండా ఎపిసోడ్ నడుస్తుందా?

నడుస్తుంది. నాకు వచ్చే చిత్తుప్రతుల్లో ఎక్కువ భాగం చెడేది విలన్ వల్లే. మిల్లు యజమానే నిప్పు పెట్టించి కుర్రాడి మీద తోశాడని రాస్తారు. ఆ కథను ప్రేక్షకుడు మొదటి ప్రకటన విరామానికే పసిగడతాడు.

యజమానిని మామూలు మనిషిగా ఉంచి చూడండి. గోదాముకు అగ్నిబీమా ఉంది. మన దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ప్రామాణిక అగ్నిబీమా పాలసీలో, సరుకు దానంతట అది వేడెక్కి కాలిపోతే ఆ నష్టం మినహాయింపుల కిందికి వస్తుంది. దానికి విడిగా అదనపు కవచం కొనుక్కోవాలి. ఎవరో కావాలని చేసిన నష్టానికి మాత్రం పరిహారం వస్తుంది. మన కథలో జరిగేది బేలులో, అంటే నొక్కి కట్టిన దూది మూటలో, నిప్పురవ్వ దాగి ఉండటం. అదీ, సరుకు తనంతట తాను వేడెక్కడమూ ఒకటి కావు. కానీ బీమా సర్వేయర్ వచ్చి "ఇది సరుకు లోపమేమో" అని ఒక్క మాట అంటే యజమానికి నిద్ర పట్టదు. ఆ సమయంలో ఎవరో కుర్రాడు కోపంగా తిరిగాడని వింటే, నమ్మాలనిపిస్తుంది. అబద్ధం చెప్పడు, నమ్మాలనుకున్నది నమ్ముతాడు. విలన్ కంటే ఇతను భయంకరుడు, ఎందుకంటే ఇలాంటివారు మనకు తెలుసు.

ఒక్క ఎపిసోడ్‌లో ఇదంతా పడుతుందా?

అరగంట స్లాటులో ప్రకటనలు పోను మీ చేతికి వచ్చేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. మంట, అరెస్టు, జట్టులో చీలిక, నిజం బయటపడటం: ఈ నాలుగే పెట్టుకోండి. ప్రేమకథ ఉంటే తీసేయండి.

## మంట గురించి

పత్తి గోదాము ఎవరూ ముట్టించకుండా ఎలా అంటుకుంటుంది? నమ్మేలా లేదే.

జిన్నింగ్ మిల్లులో ఒక్క వారం పనిచేసినవాడిని అడగండి, నమ్మకం కుదురుతుంది. పత్తిలో కలిసి వచ్చిన రాయో, ఇనుప ముక్కో జిన్ను యంత్రంలో తగిలితే రవ్వ పుడుతుంది. ఆ రవ్వ దూదిలో చిక్కుకుని అలాగే ప్రెస్సులోకి పోతే, 170 కిలోల బేలు నడుమ నిప్పు బందీ అవుతుంది. గట్టిగా నొక్కిన బేలులోకి గాలి సరిగా చొరబడదు. అందుకే అది భగ్గుమనదు, ఆరిపోదు కూడా. లోలోపల నల్లబడుతూ గంటలు, కొన్నిసార్లు రోజులు గడుపుతుంది. ఎప్పుడో ఒక మూల కాలి, బేలు కట్టు సడలి గాలి తగిలినప్పుడు మంట బయటికి వస్తుంది.

కథకుడికి ఇంతకంటే మంచి కానుక లేదు. మంట కనిపించిన వేళ, మంట పుట్టిన వేళ ఒకటి కావు. రాత్రి పదకొండుకు మంట లేచింది కాబట్టి పదిన్నరకు అక్కడ ఉన్నవాడే చేశాడని అందరూ అనుకుంటారు. నిప్పు మాత్రం ముందురోజు పగటి షిఫ్టులోనే బేలులోకి వెళ్లింది.

తెరమీద చూపదగ్గ వివరం ఇంకొకటి ఉంది. బేళ్ల మీద ఎంత నీళ్లు కొట్టినా పైపొర తడుస్తుంది తప్ప లోపలికి దిగదు. అగ్నిమాపక సిబ్బంది, హమాలీలు కలిసి బేళ్లను ఒక్కొక్కటిగా బయటికి లాగి, కట్లు తెంచి, విప్పి తడపాలి. పైకి తడిసి ముద్దయిన బేలును విప్పగానే నడుమ ఎర్రగా కణకణలాడుతుంటే ఎలా ఉంటుందో ఊహించండి. చివర్లో బయటపడే రహస్యాన్ని మొదటి మూడు నిమిషాల్లోనే ప్రేక్షకుడి కళ్లముందు పెట్టేసినట్టు అవుతుంది, అయినా ఎవరికీ తట్టదు.

నేల మీద కాలిన మరకలు చూసి "పెట్రోలు పోశారు" అని అధికారి తేల్చేస్తాడు. అలా రాయవచ్చా?

రాయండి, కానీ అది తప్పు నిర్ధారణగా రాయండి. మూసి ఉన్న గదిలో మంట ముదిరితే పైకప్పు కింద వేడి పొగ పేరుకుంటుంది. ఆ పొర వేడి దాదాపు 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు గదిలో ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి అంటుకుంటాయి. నిపుణులు దీన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తర్వాత నేల మీద పడే మరకలు అచ్చం ఏదో ద్రవం పోసి కాల్చినట్టే ఉంటాయి. దశాబ్దాల పాటు పరిశోధకులు ఇక్కడే పొరబడ్డారు.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో 1990లో ఒక ఇల్లు కాలి ఆరుగురు చనిపోయారు. నిందితుడు పెట్రోలు పోశాడన్నది అభియోగం. 1991లో ప్రాసిక్యూషన్ తరఫున వచ్చిన నిపుణులే పక్కనున్న అలాంటి ఇంట్లోనే సోఫా ముట్టించి చూశారు. పెట్రోలు చుక్క లేకుండానే ఐదు నిమిషాల లోపు గది అంతా అంటుకుంది, అవే మరకలు పడ్డాయి. కేసు ఎత్తేశారు. అందరికీ ఆ అదృష్టం లేదు. 1991 డిసెంబరులో టెక్సస్‌లో జరిగిన ఒక అగ్నిప్రమాదంలో ఇలాంటి మరకల ఆధారంగానే దోషిగా తేల్చిన తండ్రికి 2004లో మరణశిక్ష అమలు చేశారు. ఆ ఆధారాలకు శాస్త్రీయత లేదని తర్వాత పలువురు నిపుణులు తేల్చి చెప్పారు.

కిటికీ అద్దంలో సాలెగూడులాంటి పగుళ్లు కనిపిస్తే "పెట్రోలు మంటే" అనే డైలాగు కూడా కొట్టేయండి. వేడెక్కిన అద్దం మీద చల్లని నీళ్లు పడినా అవే పగుళ్లు వస్తాయి.

షార్ట్ సర్క్యూట్ అని రాసేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

పత్రికల్లో రోజూ చదివే మాట కాబట్టి ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు, కథ మాత్రం చప్పబడుతుంది. నిపుణుడి కోణంలోనూ అది అంత తేలిక కాదు. కాలిన రాగి తీగ చివర గుండ్రటి పూస కనిపిస్తే అక్కడ విద్యుత్ మెరుపు పుట్టిందని అర్థం. తీగ వల్ల మంట పుట్టిందా, మంటకు తీగ పైపొర కాలి షార్ట్ అయిందా అన్నది ఆ పూస ఒక్కటే చెప్పలేదు. వాడుకోవాలంటే ఈ రెండర్థాలనే వాడుకోండి. యజమాని మొదట కరెంటును తప్పుపడతాడు. హనుమకొండలోనే ప్రధాన కార్యాలయం ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ నుంచి ఇంజినీరు వచ్చి, ఆ రాత్రి గోదాము ఫేజు ఆపేసి ఉందని చెబుతాడు. అక్కడి నుంచి వేలు మనిషి వైపు తిరుగుతుంది.

అతని చొక్కాకు పెట్రోలు వాసన వచ్చిందని సాక్షి చెబితే చాలదా?

బైకు ఉన్న ప్రతివాడి చొక్కాకూ ఏదో ఒక రోజు ఆ వాసన వస్తుంది. అనుమానం పుట్టించడానికి చాలు, రుజువుకు చాలదు. నమూనా తీసిన విధానం దగ్గర ఆగండి, కథ అక్కడ దొరుకుతుంది. శిథిలాల నమూనాను గాలి చొరబడని లోహపు డబ్బాలోనో, బిగుతు మూత ఉన్న గాజు సీసాలోనో పెట్టాలి. మామూలు పాలిథీన్ సంచిలో పెడితే ఆవిరి తప్పించుకుంటుంది, బయటి వాసన లోపలికీ చేరుతుంది. ల్యాబులో గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష చేస్తే ఏ ఇంధనమో తెలుస్తుంది. చొక్కాను, గోదాము బూడిదను ఒకే కిరాణా కవరులో కుక్కిన కానిస్టేబులును చూపించండి. అతనిలో దురుద్దేశం లేదు, చేతికి దొరికిన కవరు అదే.

అగ్నిమాపక శకటం ఆలస్యంగా వచ్చిందని రాయవచ్చా?

కారణం ఉంటే రాయండి. 101కి ఎవరు, ఎప్పుడు ఫోన్ చేశారన్నది నమోదవుతుంది. ఆ సమయం మీ కథలో పనికొస్తుంది. మన నిందితుడే మొదట ఫోన్ చేశాడని పెట్టండి. "ముట్టించినవాడికే కదా ముందు తెలిసేది" అంటారు కొందరు.

## ఠాణా, దర్యాప్తు

సెక్షన్ 436 అని రాశాం. సరిపోతుందా?

ఇప్పటి కథ అయితే సరిపోదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. నిప్పుతో ఆస్తి నష్టం చేయడం 326(ఎఫ్) కిందికి వస్తుంది, ఏడేళ్ల వరకూ శిక్ష. నివాసాన్నో, ప్రార్థనా మందిరాన్నో, సరుకు భద్రపరిచే కట్టడాన్నో ధ్వంసం చేయాలని నిప్పు పెడితే 326(జీ), యావజ్జీవం లేదా పదేళ్ల వరకూ శిక్ష. మొదటిది బెయిలు ఇవ్వదగ్గ నేరం, రెండోది కాదు.

ఈ తేడాతో ఒక సన్నివేశం అల్లవచ్చు. కాలింది మిల్లు ఆవరణలో ఆరుబయట ఉన్న పత్తి కుప్ప అయితే కుర్రాడు అదే రోజు పూచీకత్తు మీద ఇంటికి రావచ్చు. కాలింది గోదాము కాబట్టి రిమాండుకు వెళ్లాడు. కథ 2024 జూలైకి ముందు జరిగితే పాత ఐపీసీ 435, 436 సెక్షన్లే రాయాలి.

చేతులకు బేడీలు వేసి బజారులో నడిపించే సన్నివేశం ఉంది. ఉంచాలా?

చూడటానికి బాగుంటుందని ఉంచుతున్నారు, నాకు తెలుసు. బేడీలు మామూలుగా వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 43(3) కొన్ని తీవ్ర నేరాలకు, అలవాటు నేరస్థులకు బేడీలు అనుమతిస్తుంది. ఆ జాబితాలో హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి లాంటివి ఉన్నాయి, నిప్పు పెట్టడం లేదు. పోలీసు తప్పు చేస్తున్నాడని చూపదలిస్తే బేడీలు ఉంచి, ఎవరో ఒకరి చేత అడిగించండి. లేకపోతే తీసేయండి. ప్రాక్టీసు మధ్యలో బరిలోకి వచ్చి, అందరి ముందూ "ఒకసారి స్టేషన్‌కు రావాలి తమ్మీ" అని మెత్తగా పిలిస్తే ఇంకా భయంగా ఉంటుంది.

ఠాణాలో నేరం ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించారు. ఇక కథ అయిపోయినట్టేనా?

కాదు. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 23 ఆ మాటే చెబుతుంది. అతను చెప్పినదాన్ని బట్టి కొత్తగా ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మాత్రం పనికొస్తుంది. "అతను చూపిన చోట పెట్రోలు డబ్బా దొరికింది" అనే వాక్యం చాలా పంచనామాల్లో ఉండటానికి కారణం ఇదే. మీ దర్యాప్తు అధికారికి డబ్బా కావాలి. మిల్లులో జనరేటరు గది పక్కన డబ్బా ఎప్పుడూ ఉంటుంది. పంచులుగా, అంటే పంచనామాకు సాక్షులుగా, సంతకం చేసింది ఎవరో తెలుసా? తోటి ఆటగాళ్లలో ఇద్దరు. ఇలా రాసి చూడండి.

లై డిటెక్టర్ పెడితే తేలిపోదా?

నిందితుడు ఒప్పుకోకపోతే పెట్టకూడదు. బలవంతపు నార్కో, పాలిగ్రాఫ్ పరీక్షలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

సీసీ కెమెరాలో అతను గోదాము నుంచి బయటికి వస్తూ దొరికిపోయాడు. ఇక ఏం చెబుతాం?

ఏ గడియారం ప్రకారం దొరికాడు? చిన్న మిల్లుల్లో, దుకాణాల్లో రికార్డరు గడియారం సరిచేసేవారు తక్కువ. కొన్నాళ్లకు అది కొంత జారుతుంది. తెరమీద 10:48 అని ఉంటే నిజంగా పదిన్నర కావచ్చు. పట్టుకునే దారి సులభం: అదే ఫుటేజీలో తెలిసిన వేళకు జరిగిన ఒక ఘటన వెతకాలి. పక్క పట్టాల మీద కాజీపేట వైపు వెళ్లే రైలు దాటుతూ కనిపిస్తుంది, ఆ రైలు ఎప్పుడు దాటిందో రైల్వే దగ్గర నమోదై ఉంటుంది. ఆ తేడాను జట్టులో ఒక కుర్రాడే కనిపెట్టాలి. లాయరు కనిపెడితే ఎపిసోడ్ లాయరుది అయిపోతుంది. ఫుటేజీ తొందరగా అడగాలి, చాలా రికార్డర్లు కొన్ని వారాల్లో పాతదాని మీదే కొత్తది రాసేస్తాయి.

దర్యాప్తు అధికారిని లంచగొండిగా చూపాలా?

అవసరం లేదు. పనిభారం చాలు. వరంగల్ నగర ఠాణాల్లో అధికారి మామూలుగా ఇన్‌స్పెక్టర్ స్థాయివాడు. అతని బల్ల మీద ఇదొక్కటే కేసు కాదు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని నాగరిక్ సురక్షా సంహిత 176(3) అంటోంది. దాన్ని దశలవారీగా అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. నిపుణుడు వచ్చేలోపే మిల్లువాళ్లు మిగిలిన పత్తిని కాపాడుకోవాలని జేసీబీతో శిథిలాలు తోడేస్తారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, సాక్ష్యం మాత్రం పోయింది.

## జట్టు లోపల

జట్టంతా మొదటి నుంచీ అతని పక్షాన నిలబడితే బాగుంటుంది కదా?

అలా నిలబడే జట్టు గురించి రాయడానికి ఏముంది? ఈ ఎపిసోడ్ నిజంగా జరిగేది ఠాణాలో కాదు, ప్రాక్టీసు అయ్యాక కాళ్లకు మట్టితో కూర్చున్న ఆరుగురి మధ్య. ప్రతి ఒక్కరికీ అనుమానించడానికి ఒక చిన్న, నిజాయతీగల కారణం ఇవ్వండి. ఒకడు అతనికి అప్పిచ్చాడు, తిరిగి రాలేదు. ఒకడికి అతని స్థానం కావాలి, ఆ కోరిక తనకే సిగ్గు. ఒకడు ఆ సాయంత్రం జీతం కోత గురించి యజమానితో అతను గొడవపడటం విన్నాడు. మరొకడి తండ్రి ఆ గోదాములోనే హమాలీ, మంట వల్ల పని పోయింది.

గొడవ విన్నవాడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. ఠాణాలో వాంగ్మూలం రాసుకునే రైటరు అడుగుతాడు: "పోతూ ఏమన్నాడు?" కుర్రాడు ఆలోచించి చెబుతాడు: "నీ సంగతి చూస్తా అన్నాడు సార్." రోజుకు పదిసార్లు అందరమూ అనే మాట. ఆ మాట నిజంగానే అన్నాడు కూడా. కాగితం మీద ఎక్కేసరికి అది బెదిరింపు అయింది. పోలీసులు ఇలా నమోదు చేసే సాక్షి వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదు. అందుకే తన మాట ఏ రూపంలో ఎక్కిందో ఆ కుర్రాడికి ఛార్జిషీటు దాకా తెలియదు. ఒక్క అబద్ధం ఆడకుండా స్నేహితుడిని ఇరికించినవాడు అతను. నన్నడిగితే ఎపిసోడ్ కథానాయకుడు అతనే, జైలుకు వెళ్లినవాడు కాదు.

కోచ్ ఏ వైపు ఉండాలి?

కోచ్‌కు జీతం ఇచ్చేది మిల్లు యజమాని. "ఆట మీద దృష్టి పెట్టండి, కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది" అని అతను అనడం సహజం. మాట తప్పు కాదు, పిరికితనం కూడా అందులోనే ఉంది. పెద్ద ఉపన్యాసం ఇప్పించకండి. టోర్నమెంటుకు పేర్లు పంపేటప్పుడు అతని పేరు కొట్టేసినట్టు చూపితే చాలు.

తల్లి పాత్ర ప్రతి సన్నివేశంలో ఏడుస్తోంది. ఏం చేయాలి?

పని ఇవ్వండి. ఆధార్ నకలు, జామీనుదారుల ఇంటి పన్ను రసీదులు, లాయరు గుమాస్తా అడిగిన ఫొటోలు పట్టుకుని హనుమకొండ అదాలత్ దగ్గర జిరాక్స్ దుకాణం ముందు వరసలో నిలబెట్టండి. జట్టులో ఒకడు అటు వచ్చి, ఆమెను చూసి వెనక్కి తిరిగిపోతాడు. ఆమె పిలుస్తుంది: "బిడ్డా, ఈ కాగితం మీద ఏముందో చూడు." కన్నీళ్లు లేకుండానే సన్నివేశం నిలబడుతుంది.

మన భాష ఎంత వాడాలి?

అందరికీ సమానంగా వాడండి. కథానాయకుడు పుస్తకభాష, హమాలీ, కానిస్టేబులు మాత్రం యాస మాట్లాడే చిత్తుప్రతి కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్‌స్పెక్టరు, లాయరు, కోచ్ కూడా ఈ జిల్లాల్లోనే పుట్టి ఉండవచ్చు.

## రిమాండు, బెయిలు, కోర్టు

అరెస్టు చేశాక ఎన్నాళ్లు లోపల ఉంచుతారు?

24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ప్రయాణ సమయం ఇందులో లెక్కకు రాదు. 326(జీ) లాంటి యావజ్జీవ శిక్ష పడగల కేసులో 90 రోజుల్లోపు ఛార్జిషీటు వేయకపోతే నిందితుడు బెయిలు హక్కుగా అడగవచ్చు. అంతకుముందే సెషన్స్ కోర్టు బెయిలు ఇవ్వవచ్చు. కథలో నిజానికి దగ్గరగా ఉండే లెక్క: కొన్ని వారాలు లోపల, తర్వాత షరతులతో బెయిలు. బెయిలు వస్తే కేసు పోయినట్టు కాదు. వారానికోసారి ఠాణాకు వెళ్లి సంతకం పెట్టాలనే షరతు ఉంటే, ఆ రోజే మ్యాచు పడేలా రాయండి.

వరంగల్ సెంట్రల్ జైలులో ములాఖత్ సన్నివేశం రాశాం. బాగుందా?

సన్నివేశం బాగుండవచ్చు, జైలే లేదు. 2021లో ఖైదీలను వేరే జైళ్లకు తరలించి ఆ పాత కట్టడాలను పడగొట్టారు. ఆ స్థలంలో బహుళ అంతస్తుల ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. కథ ఈ కాలానిదైతే కుటుంబం వేరే ఊరి జైలుకు బస్సులో వెళ్లాలి. పొద్దున్నే టిఫిను డబ్బాతో బస్సెక్కి, ములాఖత్ వేళ దాటిపోయాక చేరుకున్న తమ్ముడిని రాయండి.

లాయరుకు డబ్బు లేదు. జట్టు చందాలు వేసుకుంటుందని రాశాం.

చందాలు వేయించండి, కానీ ప్రభుత్వ ఉచిత న్యాయ సహాయం లేనట్టు రాయకండి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయవాది దొరుకుతాడు. 15100 ఆ సహాయవాణి. ఉచిత లాయరును అసమర్థుడిగా చూపడం ఒక చెడ్డ అలవాటు.

చివరి నిమిషంలో స్నేహితుడొకడు కోర్టులోకి పెన్‌డ్రైవ్ పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. ఇలా పెట్టుకోవచ్చా?

ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా తీసుకోవాలంటే సాక్ష్య అధినియమం 63(4) ప్రకారం ధ్రువపత్రం కావాలి. పరుగెత్తి వస్తే న్యాయమూర్తి ముందు ఆ కాగితం అడుగుతారు.

నిజానికి ఈ కథ విచారణ దాకా వెళ్లనక్కర లేదు. సెషన్స్ విచారణ అంటే ఏళ్లు పడుతుంది, మీ దగ్గర ఇరవై నిమిషాలు ఉన్నాయి. దర్యాప్తు దశలోనే ముగించండి. ప్రెస్సు దగ్గర పనిచేసే హమాలీ ముందురోజు ఒక బేలు పొగ వాసన కొట్టిందని చెప్పి ఉంటాడు. దాన్ని విడిగా ఆరుబయట ఉంచాల్సింది, లారీ తొందరలో గోదాములోకే తోశారు. షిఫ్టు పుస్తకంలో ఆ బేలు సంఖ్య ఉంది. శిథిలాల్లో మిగతా బేళ్లన్నీ బయటి నుంచి లోపలికి కాలితే, ఆ ఒక్కటి లోపలి నుంచి బయటికి కాలింది. ఫోరెన్సిక్ నిపుణుడు ఆ రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి చూపితే చాలు, డైలాగు అక్కర లేదు. పోలీసులు నేరం జరగలేదని తుది నివేదిక వేస్తారు, మేజిస్ట్రేటు ఆమోదించాలి.

అతను నిర్దోషి అని తేలాక, నింద వేసినవాళ్లను జైలుకు పంపవచ్చా?

తప్పని తెలిసి, హాని చేయాలనే ఉద్దేశంతో తప్పుడు అభియోగం మోపితే న్యాయ సంహిత 248 వర్తిస్తుంది. పొరపాటుగా నమ్మినవారికి వర్తించదు. మన కథలో అందరూ పొరపాటుగా నమ్మినవారే. శిక్ష వేయడానికి ఎవరూ దొరకకపోవడమే ప్రేక్షకుడిని కుదురుగా ఉండనివ్వదు.

## చిత్రీకరణ, ప్రసారం

నిజంగా పత్తి తగలబెట్టి తీయవచ్చా?

వద్దు. గ్యాసు గొట్టాలతో అదుపులో ఉండే మంట, మిగతాది గ్రాఫిక్స్. అగ్నిమాపక శాఖ అనుమతి, శకటం, సిబ్బంది దగ్గర ఉండాలి. దూది మంట ఆరిందనుకున్నాక మళ్లీ లేస్తుంది.

ఎనుమాముల మార్కెట్‌లో, వేయిస్తంభాల గుడి దగ్గర తీయవచ్చా?

మార్కెట్ యార్డుకు మార్కెట్ కమిటీ అనుమతి కావాలి. పత్తి సీజను అక్టోబరు నుంచి మొదలవుతుంది, ఆ రద్దీలో మీకు చోటు దొరకడం కష్టం. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, ఆ అనుమతి వేరు. అసలు పత్తి గోదాము కథకు గుడి దృశ్యం ఎందుకో ఒకసారి ఆలోచించండి. ఊరిని చూపాలంటే తెల్లవారుజామున బోరాలతో నిలిచిన ట్రాక్టర్ల వరస చాలు.

టీవీకి సెన్సారు ఉంటుందా?

సినిమాకు ఉన్నట్టు ముందస్తు ధ్రువపత్రం ధారావాహికలకు లేదు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కింద ఉన్న కార్యక్రమ నియమావళిని పాటించాలి. హింసను ప్రేరేపించేవి, పరువునష్టం కలిగించేవి కూడదు. నిప్పు పెట్టే పద్ధతిని మెట్టు మెట్టుగా చూపకండి.

మా ఊళ్లో నిజంగా జరిగిన కేసు ఆధారంగా రాస్తే?

పేర్లు మారిస్తే చాలదని గుర్తుంచుకోండి. ఊరు, మిల్లు, ఆటగాడి చొక్కా సంఖ్య కలిపితే ఊరంతా గుర్తుపడుతుంది. కేసు ఇంకా కోర్టులో ఉంటే ముట్టుకోకండి. ముగిసిపోయి ఉంటే ఆ మనిషి దగ్గరికి వెళ్లి అడగండి. వద్దంటే వదిలేయండి, మరో కథ రాసుకోవచ్చు. సరేనంటే, ప్రసారానికి ముందు అతనికీ ఇంట్లోవాళ్లకూ స్క్రిప్టు చదివి వినిపించండి, వాళ్లు కొట్టేయమన్న వాక్యాలు కొట్టేయండి.